జాన్ హారిసను చరిత్రము

మా పాఠశాలలోని పై తరగతుల విద్యార్థులు కొందఱు ఇటీవల ఒక చక్కని వ్యాపకమును అలవఱచుకొనిరి. త్రోవ చూపు ఉపగ్రహములు పంపెడి సంకేతములను గ్రహించు చిన్న పరికరము నొకదానిని సంపాదించి, ఆకాశము బాగుగ కనబడునట్లు దానిని డాబామీద నుంచి, దాని సాయమున తమ గడియారమును సెకండులో లక్షవవంతు వఱకు సరిచేసికొనుచు వారు ఆనందించుచున్నారు. దానిని చూడవచ్చిన చిన్న తరగతుల బాలురు ఒక ప్రశ్న వేసిరి. త్రోవ చూపు పరికరమునకును గడియారమునకును సంబంధమేమి? ఈ ప్రశ్నకు సమాధానము ఒక మనుష్యుని జీవితములో నున్నది. అతడు ధనవంతుల బిడ్డడు కాడు. విశ్వవిద్యాలయమున చదివినవాడు కాడు. ఇంగ్లండు దేశమున నొక పల్లెలోని వడ్రంగి కుమారుడు. అతని పేరు జాన్ హారిసను. అతని చరిత్రమును మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును సంగ్రహముగ తెలుపదలచితిమి.

మొదట చిన్న లెక్క యొకటి చూతము. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగును. అనగా గంటకు 15 డిగ్రీలు, డిగ్రీ యొకటికి 4 నిమిషములు. మన దేశపు గడియారములన్నియు కాకినాడకు సమీపమున పోవు 82½ డిగ్రీల రేఖను బట్టి నడచుచున్నవి. ఆ 82½ను 15చే భాగించినచో 5½ వచ్చును. గ్రీనిచ్ కాలమునకంటె మన కాలము 5½ గంటలు ముందుండుటకు కారణ మిదియే. కావున నడిసముద్రముననున్న నావికుడు సూర్యుడు నడినెత్తికి వచ్చినవేళ తన యింటియొద్ద గంట యెంతయైనదో యెఱిగినచో, ఆ రెండు కాలముల భేదమును బట్టి తా నెంత తూర్పునకో, యెంత పడమటికో వచ్చితినని తెలిసికొనవచ్చును. ఉత్తర దక్షిణముల సంగతి సూర్యునియొక్కయు ధ్రువనక్షత్రముయొక్కయు ఎత్తును చూచి తెలిసికొనుట పూర్వమునుండి కలదు. తూర్పు పడమరల సంగతికి మాత్రము ఇంటివేళను తప్పక చెప్పు గడియారము కావలయును. అట్టిది ఆ కాలమున లేదు. లోలకపు గడియారములు నేలమీద బాగుగ నడచినను ఓడ యూగినంతనే చెడెడివి. జేబు గడియారములలో మంచివియే దినమునకు నిమిషమువఱకు తప్పెడివి. భూమధ్యరేఖయొద్ద ఒక నిమిషము తప్పు 15 నావికపు మైళ్ల తప్పగును.

ఈ తప్పువలన ప్రాణములు పోయెడివి. 1707వ సంవత్సరము అక్టోబరు 22వ తేదీ రాత్రి సర్ క్లౌడెస్లీ షవెల్ అను నౌకాధిపతి తన దండుతో స్వదేశమునకు మఱలి వచ్చుచు, తామున్నచోటు తెలియక సిల్లీ ద్వీపముల రాళ్లకు ఓడలను తగిలించుకొనెను. నాలుగు ఓడలు మునిగెను. వేయిమందికి పైగా నావికులు మరణించిరి. సేనాని కూడ మిగులలేదు. ఇట్టి యాపదలు ప్రజల మనస్సులను కలతపెట్టగా 1714లో ఇంగ్లండు పార్లమెంటువారు ఒక శాసనము చేసిరి. రేఖాంశమును సముద్రమున అర్ధ డిగ్రీకి మించని తప్పుతో తెలుపు మార్గమును కనుగొన్నవారికి 20,000 పౌనులు బహుమానమని ప్రకటించిరి. ఆ కాలమున నది మహాధనము. గడియారముచేత దీనిని సాధింపవలయునన్నచో ఆఱు వారముల ప్రయాణములో అది మొత్తము 2 నిమిషములకు మించి తప్పరాదు. అనగా దినమునకు 3 సెకండ్లయినను తప్పరాదు. ఓడ యూపును, ఎండయు చలియు, తేమయు నుండగా అట్టి గడియారము ఇంకను పుట్టలేదని మహాపండితుడైన న్యూటను పార్లమెంటువారికి తెలిపెను.

ఈ శాసనము పుట్టునాటికి మన వడ్రంగికి 21 ఏండ్లు. హారిసను 1693 మార్చి నెలలో యార్కుషైరులోని ఫౌల్బీ అను పల్లెయందు జన్మించెను. అతడు చిన్నవాడై యుండగనే తలిదండ్రులు లింకనుషైరులోని బారో గ్రామమునకు తరలిపోయిరి. ఆఱవ యేట మశూచికము సోకి మంచము పట్టినప్పుడు, తోచుబడికై అతని తలగడమీద నొక గడియారము నుంచిరనియు, దాని టిక్కుటిక్కుమను చప్పుడును వినుచు అతడు దినములు గడపెననియు చెప్పుదురు. అది నిజమైనను కాకున్నను, అతడు తండ్రియొద్ద వడ్రంగము నేర్చుకొనినది నిజము. గ్రామములోని దేవాలయమున గాయకబృందమును నడపుటయు, గంటల స్వరములను సవరించుటయు అతనికి ప్రీతి. సూక్ష్మమైన స్వరభేదమును పట్టు చెవియే పిమ్మట సూక్ష్మమైన కాలభేదమును పట్టుటకు తోడ్పడినదేమో యని మాకు తోచుచున్నది.

పాఠశాల చదువు అతనికి అంతగా లేదు. ఆ ప్రాంతమునకు వచ్చిన మతగురువొకడు ఈ బాలుని జిజ్ఞాసను చూచి, కేంబ్రిడ్జి పండితుడగు సాండర్సను చేసిన ప్రకృతిశాస్త్రోపన్యాసముల వ్రాతప్రతిని చదువుకొనుమని యెరవిచ్చెను. సాండర్సను శైశవముననే మశూచికమువలన కన్నులు పోగొట్టుకొనియు గణితాచార్యుడైనవాడు. హారిసను ఆ గ్రంథమును చదివి విడువలేదు. అక్షరమక్షరము తన చేతితో నెత్తి వ్రాసికొని, పటములను గీసికొని, అంచులయందు తన యభిప్రాయములను చేర్చుకొనెను. ఒకరు ప్రేమతో నిచ్చిన పుస్తకమొకటి ఎంత పని చేయగలదో ఇందువలన తెలియుచున్నది.

1713లో, తన యిరువదవ యేట, అతడు తన మొదటి గడియారమును చేసెను. అందలి చక్రములుకూడ కఱ్ఱవే. వడ్రంగికి కఱ్ఱయే గదా చేతిలోని వస్తువు! 1722 ప్రాంతమున బ్రాక్లెస్బీ అనుచోట ఒక జమీందారు భవనమునకు పెద్ద గడియారము చేసియిచ్చెను. నూనె చిక్కబడి గడియారములు నిలిచిపోవుట చూచి, అసలు నూనెయే యక్కఱలేని గడియారమును చేయదలచి, రాపిడి పడుచోట్ల తనంతట తానే జిడ్డు నొసగెడి చేవగల యొక జాతి కఱ్ఱను వాడెను. ఇనుము తుప్పుపట్టునని వీలైనంతవఱకు విడిచి ఇత్తడిని వాడెను. ఆ గడియారము నేటికిని నిలిచియున్నది.

వేసవిలో లోహము సాగును. లోలకము పొడవై గడియారము నెమ్మదించును. చలికాలమున దీనికి వ్యతిరేకము. దీనికి హారిసను చేసిన యుపాయము మిక్కిలి చక్కనిది. ఇత్తడి ఉక్కుకంటె నెక్కువగా సాగును. కాబట్టి ఉక్కుకడ్డీలను, ఇత్తడికడ్డీలను ఒకదానిప్రక్క నొకటిగా చేర్చి, ఉక్కు క్రిందికి సాగినంత మేర ఇత్తడి పైకి సాగునట్లు లోలకమును కట్టెను. అందుచేత దాని పొడవు ఎల్లకాలము నొక్కతీరుగ నుండెను. తమ్ముడు జేమ్సుతో కూడి చేసిన యిట్టి గడియారములు నెలకు సెకండుకంటె నెక్కువ తప్పలేదు. ఇది యెట్లు తెలిసినదని మీరడుగవచ్చును. పల్లెటూరిలో దూరదర్శిని యెక్కడిది? హారిసను తన కిటికీ యంచునుండి పొరుగింటి పొగగొట్టమువైపు చూచుచు, ఫలానా నక్షత్రము దాని వెనుకకు పోయి మాయమగు క్షణమును రాత్రి రాత్రియు గుర్తించెడివాడు. నక్షత్రము ప్రతిదినమును ముందటి దినముకంటె 3 నిమిషముల 56 సెకండ్లు ముందుగ మాయమగును. గడియారము ఆ లెక్కకు సరిపడుచున్నదా లేదా యని చూచుటయే అతని పరీక్ష. ఒక కిటికీ, ఒక పొగగొట్టము, ఓర్పు, ఇవియే అతని జ్యోతిశ్శాల.

1730 ప్రాంతమున హారిసను సముద్రపు గడియారమును గూర్చిన తన ఆలోచనలను కాగితములపై గీసికొని లండను నగరమునకు పోయెను. రాజాస్థాన జ్యోతిశ్శాస్త్రజ్ఞుడైన హేలీ అతని నాదరించి, గడియారముల చేతలో ప్రసిద్ధుడైన జార్జి గ్రేహమునొద్దకు పంపెను. గ్రేహము తన విద్య నపహరించునేమో యని హారిసను సంకోచించెను. కాని వారిద్దఱి సంభాషణ ఉదయము పది గంటలకు మొదలై రాత్రి యెనిమిది గంటలవఱకు సాగెనట. సెలవు తీసికొనునపుడు గ్రేహము ఈ యపరిచితునకు వడ్డీ లేకయు తాకట్టు లేకయు ధనమును బదులిచ్చెను. తనకంటె మేలైనవానిని చూచి అసూయ పడక చేయూత నిచ్చినవాని పేరును హారిసను పేరుతోపాటు తలచుకొనుట మన ధర్మము.

అయిదేండ్లు శ్రమించి 1735లో అతడు మొదటి సముద్రపు గడియారమును ముగించెను. దాని బరువు 34 కిలోగ్రాములు. అందు లోలకము లేదు. దానికి మాఱుగ, కొనలయందు గుండ్లు గల రెండు పెద్ద కడ్డీలు స్ప్రింగులచే కలుపబడి యెదురెదురుగ నూగుచుండును. ఓడ యూపు ఒకదానిని తొందరపెట్టినచో రెండవదానిని అంతే యడ్డగించును. 1736లో దీనిని ఓడపై లిస్బను నగరమునకు పంపిరి. హారిసను కూడ పోయి సముద్రపు వాంతులతో మిక్కిలి బాధపడెను. తిరుగు ప్రయాణమున తీరము కనబడగా ఓడవారు దానిని స్టార్టు అను అగ్రమని తలచిరి. హారిసను తన యంత్రమును బట్టి అది లిజార్డు అగ్రమని చెప్పెను. అతడు చెప్పినదే నిజమయ్యెను. ఓడవారి లెక్క 60 మైళ్లు తప్పియుండెను.

ఇప్పుడు మేము చెప్పబోవు సంగతిని విద్యార్థులు శ్రద్ధగా వినవలయును. 1737లో రేఖాంశసంఘమువారు మొట్టమొదటిసారిగా సమావేశమై ఈ యంత్రమును చూచి మెచ్చిరి. ఆ సభలో దానియందు తప్పులు పట్టినవాడు ఒక్కడే, అతడు హారిసనే. పశ్చిమ ఇండియా ద్వీపములకు పంపి పరీక్షింపుడని అతడు కోరియున్నచో బహుమానము దొరకియుండునేమో! కాని యంత్రము పెద్దది, లోపములు కలవి, ఇంతకంటె మేలైనది చేయగలనని చెప్పి అందులకు సాయమును మాత్రమే అడిగెను. సంఘమువారు 500 పౌనులు మంజూరు చేసిరి. రెండవ యంత్రము ముగిసెను. ఓడ మలుపు తిరుగునపుడు ఆ కడ్డీల గమనము కొంచెము చెడునని కనుగొని, దానిని సముద్రమునకు పంపకయే విడిచిపెట్టెను. మూడవ యంత్రమును మొదలిడి దానిపై 19 సంవత్సరములు పనిచేసెను. రెండు లోహముల రేకులను అతికి వేడిమిని సవరించు పద్ధతియు, పంజరములో నమర్చిన ఉరుళ్లమీద ఇరుసు తిరుగు పద్ధతియు దానికొఱకు కనిపెట్టబడినవే. అవి నేటికిని యంత్రములలో వాడబడుచున్నవి. 1749లో రాయల్ సొసైటీవారు అతనికి కాప్లీ పతకము నొసగిరి. అయినను మూడవ యంత్రము అతడు కోరినట్లు నడువలేదు.

ఇంతలో ఒక వింత జరిగెను. హారిసను తన సొంత వాడుకకై జెఫ్రీసు అను పనివానిచేత 1753 ప్రాంతమున ఒక జేబు గడియారమును చేయించుకొనెను. దానియందు తన యూహలను కొన్నిటిని చేర్పించెను. అది యనుకొనినదానికంటె చాల బాగుగ నడచెను. చిన్న చక్రము వేగముగ నూగినచో ఓడ యూపు దానినంతగా కదల్పజాలదని హారిసను గ్రహించెను. తాను యౌవనమును మధ్యవయస్సును ధారపోసిన పెద్ద యంత్రముల మార్గము సరియైనది కాదని అతనికి తేటపడెను. అప్పటికతనికి 60 ఏండ్లు. అట్టి వయస్సున, అంతటి శ్రమ వెచ్చించిన పిమ్మట, తన మార్గమును తానే కాదనుకొని క్రొత్తగ నారంభించుటకు ఎంత ధైర్యము కావలయునో పెద్దలకు తెలియును. 1759లో నాలుగవ యంత్రము ముగిసెను. అది యంత్రమనుటకంటె పెద్ద జేబు గడియార మనుట మేలు. వెడల్పు 13 సెంటీమీటర్లు, బరువు కిలోగ్రామున్నర. సెకండునకు అయిదుసార్లు కొట్టుకొనును. లోపల వజ్రపు ముక్కలును కెంపులును రాపిడిని తగ్గించును.

1761 నవంబరులో ఈ గడియారము జమైకా ద్వీపమునకు పయనమయ్యెను. తండ్రి వృద్ధుడగుటచే కుమారుడు విలియము వెంట పోయెను. దారిలో త్రాగు సరకు చెడిపోయి నావికులు మదీరా ద్వీపమునకై యాతురపడుచుండగా, ఓడవారి లెక్క యొకచోటను గడియారపు లెక్క మఱియొకచోటను చూపెను. మఱునాడే భూమి కనబడునని విలియము చెప్పెను, అట్లే కనబడెను. 81 దినముల పిమ్మట, నిత్యమును కలుగు నియతమైన భేదమును లెక్కలో సవరించి చూడగా, గడియారము తప్పినది 5 సెకండ్లు మాత్రమే. 1764లో బార్బడోసు ద్వీపమునకు రెండవ పరీక్ష జరిగెను. 47 దినములలో తప్పు 39 సెకండ్లు. అనగా 10 మైళ్లకు లోపు. శాసనము కోరినదానికి ఇది మూడురెట్లు మేలు.

అయినను బహుమానము చేతికి రాలేదు. సంఘమువారు క్రొత్త నిబంధనలు పెట్టిరి. గడియారపు రహస్యమంతయు వెల్లడించి యంత్రముల నొప్పగించిన సగము సొమ్ము నిత్తుమనియు, ఇతరులుకూడ దానిని చేయగలరని ఋజువైన పిమ్మట తక్కిన సగము నిత్తుమనియు 1765లో చట్టము చేయించిరి. అదే సంవత్సరమున మాస్కెలిన్ అను పండితుడు రాజాస్థాన జ్యోతిశ్శాస్త్రజ్ఞుడయ్యెను. ఇతడు చంద్రునికిని నక్షత్రములకును గల దూరమును కొలిచి కాలమును తెలిసికొను మార్గమును బలపఱచినవాడు. గ్రీనిచ్‌లో అతడు జరిపిన పరీక్షలో గడియారము నమ్మదగినది కాదని తేలెను. యంత్రములను హారిసను ఇంటినుండి తరలించునపుడు మొదటిది జాఱిపడి దెబ్బతినెను. తన బిడ్డలవంటి యంత్రములు బండినెక్కి పోవుచుండగా ఆ వృద్ధుని మనస్సెట్లుండెనో ఊహించుకొనవచ్చును.

ఇచ్చట మేము పక్షపాతము లేక చెప్పవలసిన మాట యొకటి కలదు. మాస్కెలిన్‌ను దుర్మార్గునిగ చిత్రించుట కొందఱికి వాడుక. అతని మార్గమును సత్యమైనదే. 1767వ సంవత్సరమునకై అతడు ప్రకటించిన నావిక పంచాంగము ఎన్నో ఓడలకు దారి చూపెను. ఒక్క మనుష్యుని చేతిలోనే యున్న యద్భుతము వేలకొలది ఓడల కెట్లుపయోగపడునని సంఘమువారు సందేహించుటయు కేవలము అన్యాయము కాదు. కెండలు అను పనివాడు ఈ గడియారమునకు ప్రతి చేయగా దానికి 500 పౌనులైనది. ఓడకొకటి కొనుట సాధ్యమా? కాని ఆట మధ్యలో నియమములను మార్చుటయు, ఒక పక్షమువానినే న్యాయాధిపతిగ కూర్చుండబెట్టుటయు తప్పే. మంచి కారణములు కలవారుకూడ అన్యాయము చేయగలరని ఈ కథ మనకు చెప్పుచున్నది.

ఆ ప్రతిని కెప్టెన్ కుక్కు తన రెండవ మహాప్రయాణమున, 1772 మొదలు 1775 వఱకు, మంచుగడ్డల సముద్రములలోను ఉష్ణప్రదేశములలోను వెంట గొనిపోయి మిక్కిలి మెచ్చుకొనెను. ఈలోగా హారిసను కనుచూపు మందగించిన వయస్సున అయిదవ గడియారమును ముగించెను. కుమారుడు రాజునకు మొఱపెట్టుకొనగా, మూడవ జార్జిరాజు 1772లో దానిని తన సొంత జ్యోతిశ్శాలయందు పది వారములు పరీక్షింపజేసెను. అది దినమునకు సెకండులో మూడవవంతుకంటె నెక్కువ తప్పలేదు. రాజు పక్షము వహించెను. 1773లో పార్లమెంటువారు హారిసనునకు 8,750 పౌనులు మంజూరు చేసిరి. అప్పుడతనికి 80 ఏండ్లు. శాసనమున చెప్పిన బహుమానమను పేరుతో మాత్రము ఆ ధనము ఎవ్వరికిని ఎన్నడును ఈయబడలేదు. 1776 మార్చి 24వ తేదీన హారిసను లండనులో మరణించెను. హాంప్‌స్టెడ్ దేవాలయపు ఆవరణమున అతని సమాధి కలదు.

పిమ్మట ఇతర పనివారు ఇట్టి గడియారములను చౌకగ చేయనేర్చిరి. ఓడలన్నియు వానిని ధరించెను. హారిసను యంత్రములు మాత్రము మఱువబడి తుప్పును మడ్డియు పట్టియుండగా, ఇరువదవ శతాబ్దమున రూపర్టు గూల్డ్ అను నౌకాదళపు ఉద్యోగి గడియారముల యందలి యభిమానమే పెట్టుబడిగా, ఏండ్ల తరబడి వానిని శుభ్రపఱచి నడపించెను. నేడవి గ్రీనిచ్‌లో చూపఱకు కనువిందు చేయుచున్నవి. 2006లో వెస్ట్‌మినిస్టరు దేవాలయమున హారిసను స్మారకఫలకము నిలుపబడెను. ఆ ఫలకముపై రేఖాంశమును సూచించు గీత రెండు లోహముల రేకుతో చేయబడినది. మఱియు లోలకపు గడియారమును గూర్చి ముసలితనమున హారిసను చెప్పిన మాటలను గొప్పలని లోకము నవ్వెను. కాని అతని పద్ధతినే చేసిన గడియారమొకటి 2015లో 100 దినములు పరీక్షింపబడి, అందు సెకండైనను తప్పలేదు. రెండువందల యేండ్లకు పిమ్మట వడ్రంగి మాట నెగ్గినది.

ఇప్పుడు మన బాలుర ప్రశ్నకు వత్తము. త్రోవ చూపు ఉపగ్రహము ఆకాశమున నున్న హారిసను గడియారమే. ప్రతి యుపగ్రహమును తన వేళ యెంతయో చెప్పుచుండును. ఆ మాట మనల చేరుటకు పట్టిన కాలమును బట్టి అది యెంత దూరమున నున్నదో తెలియును. నాలుగింటి మాటలు విన్నచో మనమున్న చోటు తెలియును. అయితే ఆ సంకేతము వెలుతురంత వేగముగ పోవును గావున, సెకండులో పదిలక్షలవవంతు తప్పినను దూరము 300 మీటర్లు తప్పును. అందుకే అందు పరమాణు గడియారములు పెట్టుదురు. మన తెలుగుదేశపు శ్రీహరికోటనుండి 2013 జులై 1వ తేదీన భారతదేశపు మొదటి త్రోవ చూపు ఉపగ్రహము ఎగసినది. విదేశమునుండి తెచ్చిన దాని గడియారములు కొలదికాలమునకే చెడిపోయెను; ఉపగ్రహము బ్రతికియున్నను దారి చెప్పజాలకపోయెను. మన శాస్త్రజ్ఞులు నిరాశపడక స్వదేశముననే రుబీడియము గడియారమును నిర్మించి, 2023 మే 29వ తేదీన అదే శ్రీహరికోటనుండి ఉపగ్రహములో నుంచి పంపిరి. లోపము కనబడినచోట మఱల పనికి కూర్చుండుట హారిసను మార్గమే గదా!

విద్యార్థులారా! మీలో అందఱును గొప్ప యంత్రములను చేయకపోవచ్చును. కాని మీ లెక్కల పుస్తకములోని తప్పును ఉపాధ్యాయులకంటె ముందుగ మీరే పట్టుకొనుట మీ చేతిలోనిదే. తన పనిని నలుగురు మెచ్చుచుండగా నిలిచి, ఇది చాలదు, ఇంకను బాగు చేయగలనని చెప్పిన ఆ వడ్రంగిని జ్ఞాపకముంచుకొనుడు. డాబామీది చిన్న పరికరము వేళ చెప్పినప్పుడెల్ల, పొగగొట్టము వెనుక మాయమగు నక్షత్రముకొఱకు కిటికీయొద్ద కాచుకొనియున్న యువకుడొకడు మీకు కనబడునుగాక.